గాలిమర రెక్క ఏ వైపు

మార్లైన్ డబ్బా మూత తీసింది, తలా ఒక బిస్కెట్టు అందింది, మూత పెట్టేసింది. రెండోది ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. పుట్టినప్పటి నుంచీ ఇలా తెరుచుకుని మూసుకునే డబ్బాలు ఎన్ని చూసిందో ఫ్రౌకె, ఏనాడూ పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం ఆ రేకు చప్పుడుకు ఒళ్ళు మండిపోయింది. అంతా సమానం, అంతా మర్యాద. ఇంకాసేపట్లో నిజాన్ని కూడా ఇలాగే పంచుతారు. ఇదిగో నీకో ముక్క, ప్రొఫెసర్ గారికో ముక్క, మ్యూజియానికో ముక్క, అందరికీ అందింది కదా, ఇక లేద్దాం, ఆరింటికి ఇంట్లో భోజనం. బల్ల మీద నల్లటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద అట్టచట్రంలో బొమ్మ. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత కాగితం. ఒక ఇసుకదిబ్బ, దిబ్బ కింద గడ్డి మీద ఆరేసిన తెల్లబట్టల వరసలు, ఒక కాలవ, కాలవ ఒడ్డున గాలిమర, మిగిలిందంతా ఆకాశం. నల్లసుద్దతో గీసి, మీద పల్చటి సిరా గీతలతో దిద్దాడు. గీసినవాడెవడో తేల్చడానికే ఈ కాఫీ, ఈ బిస్కెట్టు, ఈ ముగ్గురు. కిటికీ బయట హార్లెమ్ మీద నవంబరు వాన పడుతోంది. గట్టిగా పడదు, ఆగదు. ఈ ఊళ్ళో వానకు కూడా ఒక మాట మీద నిలబడే ధైర్యం లేదు అనుకుంది ఫ్రౌకె, అనుకుని, వాన మీద కోపం చూపించే దశకు వచ్చానన్నమాట అని తన మీద తనకే చిరాకేసింది.

"చూడు ఫ్రౌకె," అంది మార్లైన్. మ్యూజియంలో ఫ్రౌకె పనిచేసే శాఖకు పెద్ద ఆమె. వయసులో ఫ్రౌకె కంటే బాగా చిన్నది, గొంతు మాత్రం ఎప్పుడూ పిల్లల డాక్టరు గొంతులా ఉంటుంది. "నిన్నెవరూ కాదనడం లేదు. నువ్వు చెప్పేదీ బాగుంది, ప్రొఫెసర్ గారు చెప్పేదీ బాగుంది. 'హోఖ్‌వౌడ్, లేదా ఆయన చుట్టుపక్కల చిత్రకారులు' అని రాద్దాం. అందులో నీవాడూ ఉన్నట్టే కదా."

"నావాడేమిటి? అతనికో పేరుంది. బ్రాకెల్."

"అదే, బ్రాకెల్. చుట్టుపక్కల అంటే బ్రాకెల్ కూడా వచ్చేసినట్టే."

వచ్చేసినట్టే. చుట్టుపక్కల. ఫ్రౌకె నోట్లో బిస్కెట్టు పొడి ఇసుకలా తిరిగింది. ఎవరా చుట్టుపక్కలవాళ్ళు? ఎక్కడుండేవాళ్ళు? ఆ గాలిలో, ఆ దిబ్బ మీద, ఏడుగురు మనుషులు ఒకే సుద్దముక్క పట్టుకుని నిలబడ్డారా? ఒక్కో గీతకు ముందు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నీకు సమ్మతమేనా, నాకు సమ్మతమే, అయితే మేఘం ఇక్కడ వేద్దాం అనుకున్నారా? ఒక్కడు. ఒక్కడే మనిషి, ముక్కు కారుతూ, వేళ్ళు కొంకర్లు పోతూ, మోకాలి మీద పలక పెట్టుకుని కూచుని గీశాడు. ఎవరినీ అడగలేదు. మూడు వందల యాభై ఏళ్ళ తర్వాత వెచ్చటి గదిలో కూచుని ఆ ఒక్కణ్ణి గుంపులో కలిపేస్తున్నారు. ఇక్కడ ఓట్లు ఉండవు. ఓటుంటే బాగుండేది, ఒక్కదాన్నే ఓడిపోయి, ఓడిపోయానని అరిచి, తలుపు దబాలున వేసి పోయేదాన్ని. ఇక్కడుండేది ఒప్పుదల. గోడ మీద పేరు ఎక్కాలంటే బల్ల దగ్గరున్న ప్రతి ఒక్కరూ సరే అనాలి. ఎవరి నాన్నల కాలం నుంచో, తాతల కాలం నుంచో, సముద్రానికి కట్టిన కట్ట తెగితే అందరి పొలాలూ మునుగుతాయి కాబట్టి అందరూ సరే అనేదాకా మాట్లాడుకున్న జనం వీళ్ళు. నీళ్ళ సంగతికి అది మంచిదే. కానీ ఒక బొమ్మ గీసిన చెయ్యి ఎవరిదన్నది నీటిమట్టమా, తలా కాస్త తగ్గించుకుని ఒక చోట నిలపడానికి?

ఎదురుగా ప్రొఫెసర్ డింగెమాన్స్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు. ఎనభై దాటినా మెడ నిటారుగానే ఉంది. ఆ మెడను ఆమె ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి చూసింది, లైడెన్‌లో, ఆయన పాఠం చెప్పే ఇలాంటి గదిలోనే. చేతులు వెనక్కి కట్టుకోండి అనేవాడు. నోళ్ళు కూడా. ఒకసారి చూస్తే కనపడేది మీ తెలివి, రెండోసారి చూస్తే కనపడేది మీరు చదివిన పుస్తకం, మూడోసారి చూస్తే అప్పుడు బొమ్మ కనపడుతుంది, అప్పుడు మాట్లాడండి. ఆ మాటలు ఆమె ఒంట్లోకి ఇంకిపోయాయి. పెళ్ళి చూపు, ఇల్లు కొనే చూపు, డాక్టరు చేతిలోని ఎక్స్‌రే చూపు, ఏదైనా సరే చేతులు వాటంతటవే వెనక్కి పోయేవి. విడిపోయేటప్పుడు భర్త కూడా అదే అన్నాడు, నువ్వు నన్ను మ్యూజియంలో చూసినట్టు చూస్తావు అని. ఆ చూపు నేర్పినవాడే ఇప్పుడు, మూడోసారి చూసి ఆమె చెప్పిన మాటను వినడానికి సిద్ధంగా లేడు. నేర్పకుండా ఉండాల్సింది. మొద్దుగా, సుఖంగా, పోస్టుకార్డులు అమ్ముకుంటూ బతికేదాన్ని.

ప్రొఫెసర్ ఎడమచేతి పాఠం చెప్పిన రోజు ఎండగా ఉంది. కుడిచేత్తో సుద్ద పట్టుకుని నల్లబల్ల మీద నీడ గీతలు గీశాడు. అన్నీ పైన కుడివైపు నుంచి కింద ఎడమకు వాలాయి. తర్వాత సుద్ద ఎడమచేతిలోకి మార్చాడు. ఆ చెయ్యి వేరే ప్రాణిలా కదిలింది, వేగంగా, ఆకలిగా. గీతలు ఎదురు వాలుకు పడ్డాయి. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. జీలండ్‌లో చిన్నప్పుడు తన బడిపంతులు ఆ చేతిని కుర్చీ కోడుకు కట్టేసేవాడని, దేవుడు లోకాన్ని కుడిచేత్తో చేశాడని అంటూ చెక్కబద్దతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడని, బఠాణీ సూపు తాగుతూ ఎప్పుడో ఒక సాయంత్రం చెప్పాడు. అందుకే కదా, ఆమెకు తెలియదా, అందుకే కదా ఇసాక్ హోఖ్‌వౌడ్ అంటే ఆయనకు అంత పిచ్చి. పాత ఉత్తరంలో ఎవరో స్నేహితుడు 'మన ఎడమచేతి ఇసాక్' అని రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, పేరు తెలియని బొమ్మల్లో ఎదురు వాలు గీతలున్నవన్నీ ఏరి హోఖ్‌వౌడ్ చేతికి అప్పగించాడు డింగెమాన్స్. బొమ్మల రాశిలోంచి కొత్త మహాచిత్రకారుడు లేచి నిలబడ్డాడు. కుర్చీకి కట్టేసిన చెయ్యి కట్లు తెంపుకుని ఈ దేశపు ఆకాశాలన్నీ గీసేసింది. ఎంత బాగుంది! ఎంత అర్థమవుతోంది! అర్థమైనకొద్దీ ఆమెకు మరింత కోపం వస్తోంది. మనిషిని అర్థం చేసుకుంటే కోపం చల్లారుతుందని చెప్పేవాళ్ళు ఎవరి మీదా నిజంగా కోపం తెచ్చుకుని ఉండరు. నీ వేళ్ళ మీద పడ్డ దెబ్బలకు, బడిపంతులు చచ్చిపోయాడు కాబట్టి, తూనిస్ బ్రాకెల్ పరిహారం చెల్లించాలా?

బ్రాకెల్ గురించి తెలిసింది కొంచెమే. చిత్రకారుల సంఘంలో చేరాడు, స్పార్నె నది మీద పడవ దాటించే పని చేశాడు, ఇద్దరు పిల్లల్ని పూడ్చాడు, తనూ పోయాడు. సంతకం ఉన్నవి రెండే బొమ్మలు, అవి కూడా వేరే ఊళ్ళో, ఎవరూ తియ్యని పెట్టెలో. రెండూ కుడిచేతి వాలు. ఈ బల్ల మీదున్నదీ, దీని తోబుట్టువులూ ఎడమచేతి వాలు. కాబట్టి ఇవి బ్రాకెల్‌వి కావు, అక్కడితో తేలిపోయింది. తేలిపోయిందని ఆమె కూడా ఎన్నో ఏళ్ళు నమ్మింది, అందరిలాగే. పోయిన వసంతంలో ఒక పొద్దున అట్టచట్రం మార్చడానికి ఇదే బొమ్మ తీసింది. ఏమీ వెతకడం లేదు. పక్కన ఎవరో రేడియేటరు బాగు చేస్తున్నారు. మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టనిపించింది. ఏదో తప్పుగా ఉంది. బొమ్మ బాగానే ఉంది, తన ఒళ్ళే ఒప్పుకోవడం లేదు. ఎక్కడ? దిబ్బ కాదు. బట్టలు కాదు. గాలిమర. స్ఖెర్మెర్ పల్లపు నేలలో, పుట్టింటి పడకగది కిటికీలోంచి పదిహేడేళ్ళు రోజూ చూసిన గాలిమర. మంచాన పడ్డ అమ్మ తల తిప్పకుండా చూడగలిగింది అదొక్కటే. ఆ నాలుగు రెక్కలు ఎటు తిరుగుతాయో కళ్ళు మరిచినా ఒళ్ళు మరవదు. ఎదురుగా నిలబడి చూస్తే అవి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి. ఈ దేశంలో పుట్టిన ప్రతి గాలిమరా అంతే. అందుకే పైకి నిలిచిన రెక్కకు గుడ్డ కట్టే వెడల్పు చట్రం ఎప్పుడూ కుడివైపుంటుంది, సన్నటి చెక్క ఎడమవైపు. ఈ కాగితంలో వెడల్పు చట్రం ఎడమవైపుంది. ఈ గాలిమర గింగిరాలు తిరగాల్సిన వైపుకు తిరగదు. పొలంలోంచి నీళ్ళు బయటికి తోడాల్సింది పోయి పొలంలోకి నీళ్ళు పోస్తుంది.

ఎడమచేతివాడు నీడ గీతలు ఎటువాలుగానైనా గీస్తాడు, కానీ లోకాన్ని అద్దంలో చూడడు. ఇంత చిన్న సంగతి. రోజూ రైల్లోంచి గాలిమరలు చూస్తూ ఆఫీసుకు పోయే జనం, ఇన్నేళ్ళు, ఇంతమంది, గీతల వాలు కొలుస్తూ కూచుని రెక్కల వైపు చూడలేదు. అంత దగ్గరగా ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? ఆ పొద్దున ఆమె చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి బొమ్మ పక్కన నిలబెట్టింది. అద్దంలో గాలిమర సరిగ్గా తిరిగింది. అద్దంలో నీడ గీతలు కుడిచేతి వాలుకు పడ్డాయి. అద్దంలో ఆ పొద గుబురు, ఆ కొక్కేల్లాంటి ఆకులు, బ్రాకెల్ సంతకమున్న బొమ్మల్లోని పొదే. సుద్దతో గీసిన బొమ్మ మీద తడికాగితం పరిచి, ఒత్తి తీస్తే, బొమ్మ తిరగబడి ఆ కాగితం మీదికి దిగుతుంది. దాన్ని ఎదురచ్చు అంటారు. ఆ రోజుల్లో అందరూ తీసేవాళ్ళు. ఒకటి గీస్తే రెండు చేతికొస్తాయి. మసక మసకగా దిగుతుంది కాబట్టి మీద సిరాతో సరిచేసుకునేవాళ్ళు. బ్రాకెల్ అదే చేశాడు. చేసి, తన కుడిచేత్తోనే సిరా గీతలు గీశాడు. అందుకే ఈ కాగితం మీద సుద్ద ఒక వాలు, సిరా ఇంకో వాలు. ఆ సిరా సంగతి డింగెమాన్స్‌కు కనపడకపోలేదు. 'సిరా పని తర్వాతి కాలపు ఏ బొమ్మల వ్యాపారో చేయించినది' అని రాసి పారేశాడు! తనకు నచ్చని గీతలన్నీ ఇంకెవరో తర్వాత గీసినవి. సాక్షి నిజం చెబుతుంటే, వీడు ఈ ఊరివాడే కాదని తోలేసినట్టు.

"గాలిమర చూసి బొమ్మ ఎవరిదో చెప్పేస్తావా అమ్మాయ్?" అంటున్నాడు ప్రొఫెసర్. "రేపు ఆవు పొదుగు చూసి చెప్తావు."

అమ్మాయ్. యాభై మూడేళ్ళొచ్చాయి. "పొదుగు ఉండాల్సిన చోట లేకపోతే అదీ చూసి చెప్తాను."

మార్లైన్ నవ్వింది, ఇద్దరికీ సరిసమానంగా.

"వెనక నుంచి చూసి గీశాడేమో," అన్నాడాయన. "వెనక నుంచి చూస్తే రెక్కలు అటే తిరుగుతాయి. అది ఆలోచించావా?"

"ఆలోచించాను. వెనక నుంచి చూస్తే మర ఒళ్ళు ముందూ, రెక్కలు దాని వెనకా ఉంటాయి. ఇందులో రెక్కలు ఒంటి మీదుగా పోతున్నాయి. చూడండి."

"హోఖ్‌వౌడ్ కవి. కవికి కాస్త స్వేచ్ఛ ఉంటుంది."

"నీళ్ళు వెనక్కి తోడే స్వేచ్ఛా?"

"ఫ్రౌకె," అంది మార్లైన్ మెత్తగా. "కాస్త నిదానంగా."

నిదానంగా. ఆ మాటతో ఆమెను ఎన్నిసార్లు కూచోబెట్టారు! బడిలో, చర్చిలో, విడాకుల లాయరు ముందు. ఈ దేశంలో గొంతు లేపినవాడు ఓడిపోయినట్టే లెక్క, వాడు చెప్పింది నిజమైతే రెండింతలు ఓడిపోయినట్టు. మార్లైన్ ఎందుకింత కంగారు పడుతోందో తెలుసు. వచ్చే వసంతంలో హోఖ్‌వౌడ్ ప్రదర్శన. ఈ గాలిమరే పోస్టరు. స్టేషన్లో రైలు దిగంగానే మనిషెత్తున వేలాడుతోంది, తప్పు వైపుకు తిరిగే రెక్కలతో. దాని కింద నిలబడి జనం సైకిళ్ళ తాళాలు తీసుకుంటున్నారు. ఒక్కడు, ఒక్కడైనా తలెత్తి ఇదేమిట్రా అంటాడని ఆమె నెల రోజుల నుంచి పొద్దునా సాయంత్రం ఆ పోస్టరు దగ్గర ఆగి చూస్తోంది. ఎవరూ అనలేదు. ఒక ముసలామె మాత్రం ఎంత అందంగా ఉందో అంది. ఉంది మరి. అందంగానే ఉంది. అదే కదా బాధ. ఆ ఆకాశం చూడు, కాగితాన్ని ఖాళీగా వదిలేయడం తప్ప ఏమీ చెయ్యలేదు, అయినా వాన రాబోతోందని తెలుస్తోంది. అది గీసిన పడవవాడి పేరు గోడ మీద ఒక్కసారి, ఒక్క వసంతం, అచ్చక్షరాల్లో కనపడాలని ఆమె అడుగుతున్నది. బంగారం అడగడం లేదు. మనిషికి తన పని తనకు ఇచ్చెయ్యమంటోంది. ఆ పేరు కింద తన సంతకంతో వివరం అచ్చవుతుంది. 'చుట్టుపక్కల' అని ఆమె చేత రాయించాలని చూస్తున్నారు, ఆమె చేత్తోనే.

"ఇలా ఇవ్వు," అన్నాడు డింగెమాన్స్. జేబులోంచి భూతద్దం తీశాడు. కొమ్ముపిడి ఉన్న ఆ భూతద్దమంటే లైడెన్‌లో పిల్లలందరికీ హడలు. అట్టచట్రం దగ్గరికి వంగి, అద్దాన్ని బొమ్మ మీద పెట్టి, నెమ్మదిగా జరుపుతూ, ఊఁ, ఊఁ అని తలాడించాడు. "రెక్కలు... ఊఁ. నాకేం తేడా కనపడలేదు. మంచి గట్టి గీత. హోఖ్‌వౌడ్ గీత."

భూతద్దం ఆకాశం మీద ఉంది. గాలిమరకు బెత్తెడు ఎడంగా, ఏమీ గీయని ఖాళీ కాగితం మీద. ఫ్రౌకె మొదట అది ఎగతాళి అనుకుంది. తర్వాత ఆయన కళ్ళ వైపు చూసింది. ఆ కళ్ళు అద్దంలోకి కాక, అద్దానికి కొంచెం పక్కకు, చూపు నడుమ ఏదో అడ్డమున్నట్టు పక్కనుంచి తొంగి చూస్తున్నాయి. కాఫీ కప్పు రెండు చేతులతో ఎందుకు పట్టుకున్నాడో, బిస్కెట్టు ఆయన్ని తీసుకోనివ్వకుండా మార్లైనే ఆయన చేతికి ఎందుకు అందించిందో, ఇందాక మెట్ల దగ్గర రైలింగును అంత ఒడుపుగా ఎందుకు తడిమాడో, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. మార్లైన్ వైపు తిరిగింది. మార్లైన్ బల్ల వైపు చూస్తోంది. తెలుసు. ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసు? ఎంతమందికి తెలుసు? కళ్ళు కనపడని మనిషిని బొమ్మ ముందు కూచోబెట్టి, ఆయన అభిప్రాయం అని రాసుకుని, తల ఊపి, ఇంటికి పంపిస్తున్నారా వీళ్ళంతా, మర్యాదగా? జాలి ముంచుకొచ్చింది, వచ్చిన వెంటనే దాని మీద కూడా కోపం వచ్చింది. నాకు ఈ జాలి వద్దు. ఇప్పుడు వద్దు. ఈ జాలితోనే కదా అందరూ సరే సరే అన్నారు. ముసలాయన పోయేదాకా ఆగుదాం, అప్పుడు మారుద్దాం అనుకునే ఉంటారు. చావు కోసం కాఫీ తాగుతూ ఎదురు చూడడం మర్యాద, ఎదురుగా కూచుని తప్పు అనడం మొరటుతనం. చేతులు వెనక్కి కట్టుకోండి అన్న మనిషికి చెయ్యాల్సిన గౌరవం ఇదా? ఆమెకు ఏడుపొచ్చేట్టుంది, ఏడిస్తే మార్లైన్ చెయ్యి పట్టుకుంటుందని భయమేసి ఆపుకుంది.

"ప్రొఫెసర్ గారూ," అంది. "మీరు ఆకాశం చూస్తున్నారు."

మార్లైన్ "ఫ్రౌకె!" అంది, ఈసారి పిల్లల డాక్టరు గొంతు కాదు.

డింగెమాన్స్ భూతద్దం పక్కన పెట్టాడు. మెడ నిటారుగానే ఉంది.

"అయితే నువ్వే చెప్పు," అన్నాడు. "ఏముందో చెప్పు. నీ తెలివి వద్దు, పుస్తకం వద్దు."

చెప్పింది. కోపంతోనే చెప్పింది, పళ్ళ బిగువున, ఒక్కో మాట మేకు కొట్టినట్టు. గాలిమర ఎదురుగా ఉంది. రెక్కలు ఒంటికి ఇవతల ఉన్నాయి. ఒక రెక్క నిట్టనిలువుగా పైకి ఉంది. దాని వెడల్పు చట్రం ఎడమవైపుంది, సన్నటి చెక్క కుడివైపుంది. కింది రెక్కకు వెడల్పు చట్రం కుడివైపుంది. సుద్ద మెత్తగా, పైపైన అంటుకుని ఉంది. కాగితంలోకి ఒత్తిన జాడ ఎక్కడా లేదు. సిరా గీతలు ఒత్తి ఉన్నాయి, అవి ఎదురు వాలుకు ఉన్నాయి. ఆమె చెబుతుంటే ఆయన ఎడమచెయ్యి కప్పు వదిలి మెల్లిగా గాల్లోకి లేచింది. జీలండ్‌లో కూడా గాలిమరలున్నాయి. ఆ చెయ్యి గాల్లో ఒక చక్రం చుట్టింది, చిన్నప్పుడు చూసిన వైపుకే, గడియారానికి వ్యతిరేకంగా. మళ్ళీ చుట్టింది. మూడోసారి సగంలో ఆగి, పైకి నిలబడిపోయింది, వేళ్ళు విప్పుకుని, నిలువు రెక్కలా. చట్రం ఏ వైపుండాలో ఆ బొటనవేలు వెతుక్కుంటోంది. తర్వాత చెయ్యి దిగి ఒళ్ళో పడింది.

"ఎదురచ్చు," అన్నాడు.

"అవును."

"ఎదురచ్చే." గొంతులో ఏ భావమూ లేదు. "సిరా కూడా వాడిదే అయితే... నేను దాన్ని వ్యాపారి పని అని రాశాను." భూతద్దాన్ని తడిమి జేబులో వేసుకుంటూ, "సరే. బ్రాకెల్."

ఆమె లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియదు, కూచోలేకపోయింది. గెలిచాను అనుకుంది, ఆ మాట ఎంత చిన్నదో, ఎంత గట్టిగా ఉందో. అప్పుడు ప్రొఫెసర్ తన కప్పు తడుముకుంటూ, కష్టపడి కాదు, పగతో కాదు, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా అన్నాడు: "అయినా బ్రాకెల్ బొమ్మే అయితే ఇంత హడావిడి దేనికి? పడవవాడు. గాలిమర కాస్త బరువుగానే గీశాడు. ఆకాశం అంటావా, గీయడం చేతకాక వదిలేశాడు."

"ఆ ఆకాశం గురించి మీరు పదకొండు పేజీలు రాశారు."

"హోఖ్‌వౌడ్ ఆకాశం గురించి రాశాను అమ్మాయ్."

మార్లైన్ అప్పటికే లేచి కాగితాలు సర్దుతోంది, మొహంలో ఎంత తెరిపి! "అయితే ముగ్గురికీ సమ్మతమే కదా. బ్రాకెల్. చాలా మంచిది. నిజంగా చాలా సంతోషం ఫ్రౌకె, నువ్వు చెప్పిందే అయింది." గోడకున్న కొక్కెం మీది కోటు అందుకుంది. "అప్పుడిక ఇది ప్రదర్శనలో ఉండక్కర్లేదు. హోఖ్‌వౌడ్ ప్రదర్శనలో బ్రాకెల్ ఎందుకు? పెట్టెలో పెట్టేద్దాం, దీని తోటివి కూడా. వేరే గాలిమర ఏదైనా చూసి పోస్టరు వేయించుకుంటాం, ఇంకా టైముంది. ఇదిగో, అట్టచట్రం నువ్వు పట్టుకుంటావా?"

ఒక క్షణం ఫ్రౌకెకు మాట అర్థం కాలేదు. తర్వాత ఇంత సులువా అనుకుంది. ఇంత సులువుగా పాతిపెడతారా? వేరేవాడి పేరుతో ఉంటే గోడ మీద, తన పేరుతో ఉంటే పెట్టెలో, చీకట్లో, ఇంకో మూడు వందల యాభై ఏళ్ళు. ఇవాళ పొద్దున ఈ బొమ్మ ఆ శతాబ్దపు గొప్ప ఆకాశం. ఇప్పుడు వాన కూడా ఆగలేదు, ఒక గీత కూడా కదలలేదు, చేతకానివాడి ఖాళీ కాగితమైపోయింది. ఏం మారింది? కళ్ళున్నవాళ్ళకూ కళ్ళు లేనివాళ్ళకూ ఏం తేడా ఉంది ఇక్కడ? ఈయనకు ఈ వయసులో చూపు పోయింది. ఈమె ఎప్పుడూ పేరు చదివి తర్వాతే బొమ్మ చూసింది. నేనే తీసుకొచ్చానా దీన్ని ఇక్కడికి? నోరు మూసుకుని ఉంటే వసంతమంతా స్టేషన్లో, గోడ మీద, జనం చూసేవాళ్ళు, ముసలామె ఎంత అందంగా ఉందో అనేది. పేరు కావాలా, వెలుతురు కావాలా అని అడుగుతున్నారు ఒక పడవవాణ్ణి, రెండూ ఇవ్వం, ఒకటి కోరుకో అని. అతని తరఫున జవాబు చెప్పాల్సింది తను. జవాబు గొంతులోకి వచ్చేటప్పటికి అరుపులా ఉంది. దాన్ని మింగలేదు, అరవనూ లేదు. కుర్చీ వెనక్కి లాగి మళ్ళీ కూచుంది. చేతులు వెనక్కి కట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద, బొమ్మకు ఇటొకటి అటొకటి పెట్టింది.

"నాకు సమ్మతం కాదు," అంది.

"దేనికి? బ్రాకెల్ అనే కదా..."

"పేరుకు సమ్మతమే. పెట్టెకు కాదు. ఈ బొమ్మ గోడ మీదే ఉంటుంది, ముందు అనుకున్న చోటే, బ్రాకెల్ పేరుతో. పోస్టరు మీద కూడా. హోఖ్‌వౌడ్ అని ఇన్నాళ్ళు ఎందుకనుకున్నామో కింద నేను రాస్తాను, ప్రొఫెసర్ గారి వాదన, సిరా సంగతి, అన్నీ."

"అదెలా కుదురుతుంది?"

"అందరం ఒప్పుకునేదాకా ఎవరం లేవం కదా. మన పద్ధతే అది. మాట్లాడుకుందాం."

"ఫ్రౌకె, ఐదున్నరైంది. ఇంట్లో పిల్లలు భోజనానికి..."

"ఫోను చేసి చెప్పు."

ప్రొఫెసర్ తల గొంతు వచ్చిన వైపుకు తిప్పాడు. "కూచుందా?" అని అడిగాడు మార్లైన్‌ని.

"కూచుంది."

ఆయన నవ్వాడో, మొహం చిట్లించాడో, ఆ మసక వెలుతురులో తెలియలేదు, ఫ్రౌకె తెలుసుకోవాలనుకోలేదు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంట చల్లారితే లేచిపోతానేమోనని దాన్ని జాగ్రత్తగా కాచుకుంటోంది. మార్లైన్ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఒక చెయ్యి కోటు చేతిలో దూర్చి, రెండో చెయ్యి బయట. గోడ గడియారం వైపు చూసింది, ఫ్రౌకె వైపు చూసింది, బల్ల మీద ఆ రెండు చేతుల మధ్యనున్న బొమ్మ వైపు మొదటిసారి చూసినట్టు చూసింది. కాసేపటికి కోటులోంచి ఆ చెయ్యి మెల్లిగా బయటికి తీసింది.